మేకలు మేసిన కంది చేను

ప్రశ్న: మేము మలావీలోని బ్లాంటైర్‌లో తొమ్మిదేళ్ళుగా ఉంటున్నాం. నేను ఒక వ్యాపార సంస్థలో లెక్కలు చూస్తాను. ఇక్కడ మావి పదకొండు తెలుగు కుటుంబాలు. కొందరం ఆదివారం చర్చికి వెళ్తాం, కొందరు ఇంట్లో పూజ చేసుకుంటారు, ఒక ముస్లిం కుటుంబం కూడా ఉంది. 2023 మార్చిలో ఫ్రెడ్డీ తుపాను వచ్చినప్పుడు అందరం కలిసి చిరాద్జులు జిల్లాలోని ఒక ఊరికి సాయం తీసుకెళ్ళాం. ఆ పరిచయంతో అక్కడి చర్చి పెద్దలు, తమ రెండెకరాల్లో కలిసి పంట పండిద్దామన్నారు. దేవుడి పేరుతో చేసే సాయం కదా అని విత్తనం, ఎరువు మేమే కొన్నాం. మొక్కజొన్నలో కంది వేశాం. విత్తనాల రోజు ప్రార్థనకు ఊరంతా వచ్చింది. జనవరిలో కలుపు తీయడానికి ఐదుగురు కూడా రాలేదు. ఒక శనివారం మేము వంట సామానుతో సహా వెళ్తే, ఊళ్ళో ఎవరో చనిపోయారని ఒక్కరూ చేలోకి దిగలేదు. మొక్కజొన్న సగమే చేతికొచ్చింది. జూన్‌లో కందిని ఊరి మేకలే మేసేశాయి. 'వీళ్ళకు కష్టపడే గుణం లేదు' అని మాలో కొందరు అంటున్నారు. మేము భూమి కోసం వచ్చామని, మతం మార్చడానికి వచ్చామని ఊళ్ళో అనుకుంటున్నారట. సాయం చేయబోయిన మాకు ఇదా ఫలితం? ఈ ఏడు మళ్ళీ మొదలుపెట్టాలా, మానేయాలా?

— పేరు వద్దన్న పాఠకుడు, బ్లాంటైర్

జవాబు: మానేయకండి. కానీ పోయినేడు చేసిన పద్ధతిలో మళ్ళీ మొదలుపెట్టకండి.

జొంబా దగ్గర నాలుగేళ్ళు రైతులతో కలిసి పనిచేసినదాన్ని. మీ ఉత్తరం చదువుతుంటే ఆ బోదెలు, ఆ ఎర్రమట్టి దారులు కళ్ళముందు కదిలాయి. మీరు చెప్పిన మూడు నష్టాలకూ ఆ ఊరి బతుకులో కారణాలున్నాయి. వాటిని మీకు ఎవరూ చెప్పలేదు, మీరూ అడగలేదు.

మేకల సంగతి ముందు చెబుతాను, మీ మనసు అక్కడే ఎక్కువ విరిగినట్టుంది కాబట్టి. ఆ ఊళ్ళలో మొక్కజొన్న కోత అయిపోగానే చేలను మేతకు వదిలేస్తారు. వానాకాలమంతా తాడుకు కట్టి ఉన్న మేకలు అప్పుడు ఇష్టమొచ్చినట్టు తిరుగుతాయి. కోతలయ్యాక కొయ్యకాళ్ళలోకి పశువులను తోలడం మనకు మాత్రం కొత్తా? కంది అయితే మొక్కజొన్న వెళ్ళిపోయాక కూడా చేలో నిలబడి ఉంటుంది. దీర్ఘకాలిక రకాలు జూలై నుంచి సెప్టెంబరు దాకా కోతకొస్తాయి. మధ్య మలావీ జిల్లాల్లో చాలామంది రైతులు కంది జోలికి పోకపోవడానికి ఈ మేకలే ఒక కారణం. కంది వేసుకునే కుటుంబాలు ఇరుగుపొరుగుతో ముందే మాట్లాడుకుంటాయి, చేను ఇంటికి దగ్గరగా ఉండేలా చూసుకుంటాయి. మీ చేను గురించి ఎవరు ఎవరితో మాట్లాడారు? ఆ కంది చర్చిదో, ఊరిదో, బ్లాంటైర్ నుంచి కారులో వచ్చే భారతీయులదో ఊళ్ళో ఎవరికీ స్పష్టంగా తెలిసి ఉండదు. ఎవరిదో తెలియని చేనుకు కాపలా ఎవరు కాస్తారు?

ఇక జనవరి. చిరాద్జులు, ములాంజే ప్రాంతాల్లో జనం కిక్కిరిసి ఉంటారు. చాలా కుటుంబాలకు రెండెకరాల నేల కూడా ఉండదు. ఏప్రిల్‌లో ఇంటికి వచ్చిన మొక్కజొన్న డిసెంబరుకల్లా అడుగంటుతుంది. కొత్త గింజ మళ్ళీ మార్చి దాటితేనే. మధ్యలోని ఈ నెలల్లో ఇల్లు గడవాలంటే 'గన్యు'కు, అంటే రోజుకూలికి వెళ్ళాలి. సరిగ్గా తమ చేలో కలుపు తీయాల్సిన రోజుల్లోనే పరుల చేలో కలుపు తీసి, సాయంత్రానికి ఒక గిన్నెడు పిండి తెచ్చుకుంటారు. దాంతో తమ పంట తగ్గుతుంది. తగ్గినందువల్ల మరుసటి జనవరిలో మళ్ళీ గన్యు. సొంత చేనే వదులుకుని వెళ్తున్న మనిషిని మీరు ఉమ్మడి చేనుకు పిలిచారు. ప్రార్థనకు రావడానికి ఒక గంట చాలు కాబట్టి వచ్చారు. కలుపు తీయడానికి వస్తే ఆ పూట పిల్లలు ఏం తినాలి?

కష్టపడే గుణం లేదన్న మాట మీ కుటుంబాల్లో ఇంకెప్పుడూ వినబడకూడదు. మారిషస్‌కు, దక్షిణాఫ్రికాలోని నటాల్‌కు చెరకు తోటల్లో కూలీలుగా వెళ్ళిన మన తెలుగువాళ్ళ గురించి కూడా తోటల యజమానులు ఇదే మాట అన్నారు. తెల్లవారకముందే లేచి నీళ్ళు మోసి, 'ఖాసు' అనే చేతిపారతో బోదెలు తీసి, మళ్ళీ వచ్చి పిండి దంచే ఆడవాళ్ళను నేను రోజూ చూశాను.

మీ చేను ఉన్న చోటు గురించి కూడా కొంచెం తెలుసుకోవాలి. అక్కడి భాష చిచేవాలో 'తంగాతా' అంటే సాయం. ఒకరి చేలో ఒకరు పనిచేసుకునే పాత ఆచారానికి అది పేరు. ఇంగ్లీషు దొరలు దక్షిణ మలావీలోని షిరే మెట్ట ప్రాంతంలో పెద్ద పెద్ద ఎస్టేట్లు స్వాధీనం చేసుకున్నాక, అక్కడ ఉండనిచ్చినందుకు అద్దె కింద పని చేయాలన్నారు, అదీ వానాకాలంలో, సొంత చేనుకు మనిషి కావలసిన రోజుల్లోనే. ఆ వెట్టికి పేరు మాత్రం 'తంగాతా' అనే ఉంచారు. మీ చిరాద్జులు జిల్లాలోనే, మ్బోంబ్వేలో, జాన్ చిలెంబ్వే అనే పాస్టరు 1900లో ఒక మిషన్ స్థాపించాడు. మగొమెరో ఎస్టేటులో కౌలుదార్లు కట్టుకున్న ప్రార్థనా గృహాలను అక్కడి మేనేజరు తగలబెట్టించాడు. 1915 జనవరి 23న చిలెంబ్వే మనుషులు తిరగబడ్డారు. ఆ మేనేజరు చనిపోయాడు. ఫిబ్రవరి 3న చిలెంబ్వేను కాల్చి చంపారు, ఆయన కట్టిన చర్చిని కూల్చేశారు. ఏటా జనవరి 15న మీ ఆఫీసుకు సెలవు ఇచ్చేది ఆయన పేరు మీదే. క్వాచా నోట్ల మీద ఆయన ముఖం చూస్తూనే ఉంటారు.

ఇప్పుడు ఆ ఊరివాళ్ళ వైపు నుంచి చూడండి. దూరం నుంచి వచ్చినవాళ్ళు, దేవుడి పేరు చెప్పి, జనవరి నెలలో, సాయం అంటూ, చేలోకి పనికి రమ్మంటున్నారు. మీ మనసు మంచిదే. కానీ ఈ మాటలన్నీ ఒక్కచోట చేరితే అక్కడి ముసలివాళ్ళకు ఏం గుర్తొస్తుందో మీరు ఊహించగలరు. భూమి కోసం వచ్చారన్న అనుమానం నిన్న మొన్న పుట్టింది కాదు.

మీ చిన్న ఉత్తరంలో 'సాయం' అన్న మాట మూడు చోట్ల ఉంది. 'పొత్తు' అన్న మాట ఒక్కసారీ లేదు. నా జవాబంతా ఈ రెండు మాటల మధ్యే ఉంది. పొత్తు అంటే కలిసి పంచుకోవడం. ఒకే కంచంలో కలిసి తినడాన్ని కూడా మనవాళ్ళు పొత్తు అనే అన్నారు. మా చిన్నప్పుడు మా ఊళ్ళో నాట్లకు కూలీలు దొరకని ఇళ్ళు బదులు పని చేసుకునేవి. ఇవాళ మీ మడి, రేపు మా మడి. ఎవరూ ఎవరికీ కృతజ్ఞత చెప్పేవారు కాదు, కానీ ఎవరు ఎవరికి ఎన్ని రోజులు బాకీ ఉన్నారో ఇంటి పెద్దామె నోటిలెక్కగా చెప్పేది. ఆ బాకీలే ఊరిని కలిపి ఉంచేవి. మీరు ఆ ఊరికి ఇచ్చారు, ఇస్తూనే ఉన్నారు, వాళ్ళకు మాత్రం మీరు ఏమీ బాకీ పడలేదు. బాకీ పడని మనిషి ఆ ఊరికి చుట్టం కాలేడు.

కాబట్టి ఈ ఏడు ముందు వాళ్ళ దగ్గర ఏమైనా తీసుకోండి. కంది గురించి వాళ్ళకు తెలిసింది మీ పదకొండు ఇళ్ళలో ఎవరికీ తెలిసి ఉండదు. వాళ్ళు నందోలో అనే కంది, మనం రోజూ తినే కంది ఒకటే. పచ్చికాయలు ఉడకబెట్టుకుని తింటారు, ఎండుగింజను న్సిమాతో, అంటే మొక్కజొన్న పిండి ముద్దతో నంజుకుంటారు. మొక్కజొన్న బోదె మీద కందిని ఎంత దూరంలో పెట్టాలో, ఏ చేలో ఎండు తెగులు వస్తుందో అక్కడి ఆడవాళ్ళను అడగండి. హైదరాబాదు పక్కనే పటాన్‌చెరులో ఉన్న అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ఎండు తెగులును తట్టుకునే ఐసీపీ 9145 రకాన్ని అందిస్తే, 1987లో మలావీ దాన్ని విడుదల చేసింది. అనంతపురం రైతు వేరుశనగలో కంది సాళ్ళు పెట్టినట్టే, మలావీలో కూడా వేరుశనగ, కంది కలిపి వేసే పద్ధతిని శాస్త్రవేత్తలు ప్రోత్సహించారు. మన రెండు నేలలకూ కంది వల్ల కలిగిన చుట్టరికం ఇది. మీరు అక్కడ మాట మొదలుపెట్టడానికి ఇంతకంటే మంచి విషయం ఉండదు.

మీ ఇళ్ళకు ఏడాదికి కావలసిన కందులు ఆ ఊళ్ళోనే కొనండి, లింబే బజారులో ఆ రోజు ఉన్న ధరకు. ఎక్కువ ఇచ్చి ఉదారత చూపవద్దు, బేరమాడి తగ్గించవద్దు. అలాగని 'భారతదేశం మీ కందులన్నీ కొంటుంది' అని ఆశ మాత్రం పెట్టకండి. 2017 ఆగస్టులో మన ప్రభుత్వం కంది దిగుమతులకు పరిమితి పెట్టినప్పుడు మలావీలో ధర కుప్పకూలి, రైతులు ఎంత నష్టపోయారో ఆ జిల్లాలో అందరికీ గుర్తే. తరువాత 2021లో ఏటా యాభై వేల టన్నుల వరకు తీసుకుంటామని రెండు ప్రభుత్వాలు ఒప్పందం చేసుకున్నాయి. అయినా ఒక రైతు ఇంటి ఆదాయాన్ని మన మాట మీద నిలబెట్టే హక్కు మనకు లేదు.

చర్చి పెద్దలతో మాట్లాడితే ఊరితో మాట్లాడినట్టే అనుకున్నారు మీరు. దక్షిణ మలావీలో నేల తల్లి వైపు నుంచి కూతుళ్ళకు వస్తుంది. పెళ్ళయ్యాక మగవాడు భార్య ఊరికి వచ్చి ఉండటం అక్కడ మామూలు. యావో, లోమ్వే, చేవా తెగల కుటుంబాలన్నిటిలో ఇదే పద్ధతి. చర్చి పెద్దల్లో సగంమంది ఆ ఊరికి అల్లుళ్ళే అయి ఉంటారు! చేను ఎవరు చూస్తారు, ఏ గింజ ఉంచుకోవాలి అన్నది వాళ్ళ భార్యలు, అత్తలు తేలుస్తారు. అందుకే మొదటి మాట ఊరి పెద్ద 'మ్ఫూము'తో, రెండో మాట ఆడవాళ్ళతో. మీ వైపు నుంచి కూడా ఆడవాళ్ళే వెళ్ళి కూర్చుంటే ఇంకా మంచిది. కంది చేనంతా ఆ ఊరి స్త్రీల గుంపు చేతిలో పెట్టండి. కాయ ఎంత ముఖ్యమో కందికట్టె కూడా అంతే ముఖ్యం, ఎందుకంటే వంటచెరకు కోసం మైళ్ళు నడిచేది వాళ్ళే. కంది తమదైతే మేకలను కట్టేసే బాధ్యత కూడా ఊరే తీసుకుంటుంది. మ్ఫూము అందరినీ కూర్చోబెట్టి, ఫలానా నెల దాకా మేకలను విడవకూడదని చెబితే ఆ మాట చెల్లుతుంది. నెలా రెండు నెలల ముందే కోతకొచ్చే మధ్యకాలిక రకాలు కూడా ఉన్నాయి, అక్కడి వ్యవసాయ సిబ్బందిని అడగండి.

రెండెకరాలు వద్దు. అరెకరంతో మొదలుపెట్టండి. మిగతా నేలను చర్చి తన పద్ధతిలో కుటుంబాలకు ఇచ్చుకుంటుంది. పని రోజు మీ సెలవును బట్టి పెట్టకండి. శుక్రవారం ముస్లింలకు, శనివారం సెవెంత్‌డే అడ్వెంటిస్టులకు, ఆదివారం మిగతా క్రైస్తవులకు కుదరదు. బుధవారమో గురువారమో తెల్లవారుజామున ఐదింటికి మీలో ఇద్దరు ముగ్గురు వంతులవారీగా వెళ్ళి, ఎనిమిదింటికి ఆఫీసుకు తిరిగి రావచ్చు. ఖాసు పట్టడం రాకపోయినా ఫర్వాలేదు, అక్కడ ఎవరైనా నేర్పుతారు, అది కూడా బాకీయే. జనవరి, ఫిబ్రవరి నెలల్లో పని తరువాత అక్కడే గంజి కాచి అందరూ కలిసి తాగి వెళ్ళండి. పిండి ఉమ్మడి నిల్వలోంచి రావాలి, మీ కారులోంచి కాదు. ఆ నిల్వ కోసం ఏప్రిల్ పంటలో కొంత పక్కన పెట్టాలి. మొదటి ఏడాది నిల్వ ఉండదు కాబట్టి మీరు అప్పుగా పెట్టండి, పంట వచ్చాక అంతే గింజ తిరిగి తీసుకోండి. తప్పకుండా తీసుకోండి. వద్దని వదిలేస్తే మళ్ళీ సాయం మొదటికి వస్తుంది.

వాటాలు విత్తనం వేయకముందే తేలాలి. ఎవరు ఎన్ని పూటలు వచ్చారో రాసే పుస్తకం ఊరివాళ్ళ దగ్గరే ఉండాలి, నెలకోసారి చిచేవాలో పైకి చదవాలి. ఆ ఊళ్ళో 'బాంకీ మ్ఖొండే', అంటే వరండా బ్యాంకు, ఉండే ఉంటుంది. మన పొదుపు సంఘాల లాంటిదే. మీరు చదివిన పెద్ద చదువుల కంటే ఆ ఆడవాళ్ళు పెట్టెలో దాచే లెక్క ఇక్కడ ఎక్కువ పనికొస్తుంది. భూమి కాగితం ఏదీ మీ పేరు మీద గానీ, మీ బృందం పేరు మీద గానీ రాయించుకోకండి. మీ ఉద్యోగ అనుమతిలో ఏ పనులు చేయకూడదని ఉందో ఒకసారి చదువుకోండి. మన దేశం నుంచి గుంటూరు వంగ, బెండ విత్తనాలు పెట్టెలో తెచ్చే అలవాటు ఎవరికైనా ఉంటే ఆపించండి. 2016లో ఆఫ్రికాలో మొదట కనబడిన కత్తెర పురుగు రెండేళ్ళకు కర్ణాటకలో తేలి, తరువాత మన మొక్కజొన్ననూ తినేసింది. ఒక దేశపు చీడ ఇంకో దేశానికి మనుషుల సామానులోనూ ప్రయాణం చేస్తుంది.

ఇక విశ్వాసం. మీరు అడగకపోయినా, ఈ పనికి అసలు ఊపిరి అదే కాబట్టి చెబుతున్నాను. చేలో బోధ వద్దు. ఈ విషయంలో నేను మొండిదాన్ని. విత్తనం ఇచ్చిన చేత్తో కరపత్రం ఇస్తే ఆకలిగా ఉన్న మనిషి రెండూ తీసుకుంటాడు, రెంటినీ నమ్మడు. బోర్డు వద్దు, సంచుల మీద పేర్లు వద్దు. మీకు భూమి అక్కర్లేదని, ఎవరి మతమూ మార్చబోమని మ్ఫూము ముందు, చర్చి పెద్దల ముందు, అక్కడి మసీదు షేక్ ముందు మీరే మీ నోటితో చెప్పండి. మతాలు కలిసి పనిచేయడం ఆ దేశానికి మీరు నేర్పాల్సిన పనిలేదు. 1992లో కేథలిక్ బిషప్పులు ఏకపార్టీ పాలనను తప్పుపడుతూ లేఖ రాశాక, ప్రెస్బిటేరియన్లు, ముస్లింలు, ఇతరులు ఒక్క వేదిక మీదికి వచ్చారు. 1993 జూన్ 14న ప్రజలు ఓటు వేసి బహుళపార్టీ వ్యవస్థను తెచ్చుకున్నారు.

దేవుడి మాట చెప్పాల్సింది పంట పంచేటప్పుడు. పొలం అంచులు పూర్తిగా కోయవద్దని, పరిగె ఏరుకోవద్దని, వాటిని పేదలకు, పరదేశులకు వదిలేయమని లేవీయకాండం 19వ అధ్యాయం చెబుతుంది. వానతో పండిన పంటలో పదో వంతు పేదలదని ఇస్లాం చెబుతుంది. అన్నాన్ని సమృద్ధిగా పండించు, అది వ్రతం అని తైత్తిరీయోపనిషత్తు చెబుతుంది. మీ పదకొండు ఇళ్ళలో ఈ మూడూ ఉన్నాయి, ఆ ఊళ్ళోనూ రెండున్నాయి. ఏ వితంతువుకు ఎన్ని బుట్టలు వెళ్ళాలో చర్చివాళ్ళు, మసీదువాళ్ళు కలిసి కూర్చుని నిర్ణయించనివ్వండి. మీరు వినండి చాలు. పరదేశుల వాటా కింద మీకూ ఒక బుట్ట ఇస్తామంటే, ఆ రోజు మొహమాటపడకుండా చేతులు చాపి అందుకోండి.

మనకు ఏరువాక జ్యేష్ఠంలో వస్తే, వాళ్ళ తొలివానలు మన కార్తీక మాసంలో పడతాయి. బోదెలు తీసే పని అంతకుముందే, సెప్టెంబరు అక్టోబరుల్లో మొదలవుతుంది. మీకు ఎక్కువ రోజులు లేవు.

అంతకన్నా ముందు చేయాల్సిన పని ఒకటి ఉంది. మలావీలో 'మలీరో', అంటే చావు, అంత్యక్రియలు ఉంటే, ఊళ్ళో ఎవరూ చేలో పార పట్టరు. ఆ శనివారం మీతో ఎవరూ చేలోకి దిగకపోవడానికి కారణం అదే. నేను వెళ్ళిన మొదటి ఏడాది నాకు ఇది తెలియక, శవం ఇంట్లో ఉన్న రోజున విత్తన సంచులతో ఊళ్ళోకి వెళ్ళి నిలబడ్డాను. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. ఒక పెద్దావిడ నా చేయి పట్టుకుని తీసుకెళ్ళి, తన చితెంజే గుడ్డ పరిచి, ఆడవాళ్ళ మధ్య నేల మీద కూర్చోబెట్టింది. సాయంత్రం దాకా అక్కడే కూర్చున్నాను. తరువాతి వారం నేను పిలవకుండానే పదిమంది పనికి వచ్చారు.

మీరు ఆ రోజు వంట సామాను తీసుకుని తిరిగి వచ్చేశారు. మీ ఉత్తరంలో 'ఎవరో చనిపోయారు' అని రాశారు, ఆ మనిషి పేరు లేదు. ఈ వారంలోనే వెళ్ళి ఆ పేరు అడిగి తెలుసుకోండి. మీ ఇంట్లో ఆడవాళ్ళను వెంటబెట్టుకుని, చేతిలో కాస్త పిండి, ఉప్పు పట్టుకుని ఆ ఇంటికి వెళ్ళి, కాసేపు నేల మీద కూర్చుని రండి. చేను గురించి ఆ రోజు ఏమీ మాట్లాడవద్దు.